తెరుచుకోని పేజీ

పోయిన వారం మహజబీన్‌ను మెట్ల చప్పుడు దగ్గర వదిలేసి వచ్చాం. ఆ చప్పుడు ఇంకా ఆగలేదు. కామారెడ్డిలో సిరిసిల్ల రోడ్డు వెనుక సందులో, మేడ మీదున్న జులేఖా లేడీస్ టైలర్స్‌కు ఎక్కే ఇనుప మెట్లు అవి. ఎవరు ఎక్కినా మోగుతాయి. ఇప్పుడు ఎక్కుతున్నది బూట్లు తొడుక్కున్న మనిషి, తొందరేమీ లేని మనిషి. పొద్దున ఫోన్ చేసి "దుకాణం ఏడుంది?" అని మర్యాదగా అడిగి, పేరు చెప్పి పెట్టేసిన మనిషి. దుకాణం యజమాని జులేఖా పొద్దుటి బస్సుకే ఎల్లారెడ్డి వెళ్ళింది. ఆమె అక్క కూతురు మహజబీన్ దుకాణంలో ఒక్కతే ఉంది.

కథలోకి ఇప్పుడే అడుగుపెట్టిన వాళ్ళ కోసం రెండు ముక్కలు చెప్పాలి. ఈ దుకాణంలో బట్ట కత్తిరిస్తారు. మాచారెడ్డిలో, రామారెడ్డిలో, ఎల్లారెడ్డిలో ఇంట్లో కుట్టుమిషన్ ఉన్న ఆడవాళ్ళు ఆ ముక్కలను కుట్టి పంపుతారు. మూటలు ఆటోల్లో వెళ్ళి, ఆటోల్లో వస్తాయి. ఎవరింటికి ఏ రోజు ఆటో వెళ్ళాలన్నది ఫోన్ల మీద అరుచుకుంటే తేలేది. ఆ అరుపులు పడలేక మహజబీన్ కోచింగ్‌కు వెళ్ళి పైథాన్ ప్రోగ్రామింగ్ నేర్చుకుని ఒక సైటు రాసింది. కుట్టేవాళ్ళ ఫోనుకు మెసేజ్‌లో ఒక లింకు వెళుతుంది. నొక్కితే ఆటో వచ్చే తేదీ, దాని కింద "మీ చిరునామా ఇదేనా?" అన్న ప్రశ్న, చిరునామా కనబడతాయి. ఆటో డ్రైవరుకూ అదే పేజీ దారి చూపిస్తుంది. మంచి సైటు. దాని మీద నాకే కోపమూ లేదు. దాన్ని జనంలోకి వదిలిన తీరు మీదే ఉంది.

ఎందుకంటే ఆ కుట్టేవాళ్ళలో ప్రణీత ఉంది. మాచారెడ్డిలో అత్తవారింట్లో ఉండగా ఈ దుకాణానికి జాకెట్లు కుట్టేది. ఒకనాడు కొలత తీసుకుంటూ భుజం మీద టేపు పెట్టబోయి, మహజబీన్ చెయ్యి వెనక్కి తీసుకుంది. అక్కడ ఇస్త్రీ పెట్టె మొన ఆకారంలో కాలిన మచ్చ ఉంది. అడగలేదు. ప్రణీతే చెప్పింది. ఆ వారమే జులేఖా ఆమెను ఎల్లారెడ్డి తీసుకెళ్ళి, ఈద్గా వెనుక నీలం గేటు ఇంట్లో, రాములవ్వ అనే ముసలామె మేడగదిలో దాచింది. ఈ సంగతి ఆ నలుగురు ఆడవాళ్ళకు తప్ప మరొకరికి తెలియదు.

మరి సైటుకెలా తెలిసింది? మహజబీనే చెప్పింది. ఖాళీ గడి చూస్తే ఆమెకు నిద్ర పట్టదు. ప్రణీత వివరాల్లో పాత చిరునామా తీసేసి కొత్తది రాసింది. ఫోన్ నంబరు కూడా తీసేయబోయింది. కానీ నంబరు లేకుండా సేవ్ కాకూడదన్న నియమం ఆ సైటులో ఉంది. పెట్టింది తనే. ప్రణీత దగ్గర ఫోను లేదు. సరే, పాతది ఉండనీ, ఎవరు చూస్తారులే అనుకుంది. మా వైపు ఊళ్ళలో ఆడమనిషి నంబరు అడిగితే ఇంటాయన నంబరే రాయిస్తారు. ఇంటికి ఒక్కటే ఫోను, అది ఆయన జేబులో. ఆ పాత నంబరు ప్రణీత మొగుడు సంతోష్‌ది.

మొన్న మెసేజ్‌లు వెళుతున్నాయో లేదో పరీక్షించాలనుకుంది. పరీక్షకు ఉత్తుత్తి పేర్లు, తన సొంత నంబరు పెట్టుకోవాలి. పైథాన్ నేర్పిన పురుషోత్తం సార్ కోచింగ్‌లో ఈ మాట బోర్డు మీద రాసి, కింద గీత కూడా గీశారు. ఈమె అసలు జాబితా మీదే బటన్ నొక్కింది. అందరికీ వెళ్ళిపోయాయి. మాచారెడ్డిలో ఒక ఫోను మోగింది. "ప్రణీత గారూ, మీ కుట్టుపని బండి వివరాలకు ఇక్కడ నొక్కండి."

ఆయన నొక్కాడు. దేవుడి దయ, పేజీ విరిగింది.

ప్రణీత దగ్గరికి ఆటో వెళ్ళదు. జులేఖానే మూట చంకన పెట్టుకుని వెళుతుంది. అందుకని తేదీ గడి ఖాళీ. ఆ ఖాళీ దగ్గర తట్టుకుని ప్రోగ్రాం బోర్లా పడింది, పేజీకి బదులు ఎర్రర్ వచ్చింది. సైటు ఎవరెప్పుడు తెరిచినా సర్వర్ ఒక వరుస రాసిపెడుతుంది. ఆ వరుస చివర ఐదు వందలు అని ఉంటే పేజీ విరిగినట్టు. రెండు వందలు ఉంటే మంచిగా తెరుచుకున్నట్టు. సంతోష్ నొక్కిన ప్రతిసారీ ఐదు వందలే. పొద్దుటి నుంచి ఆ వరుసలు చూస్తూ మహజబీన్ ప్రతి ఐదు వందలకూ అల్లాకు షుక్రియా చెప్పుకుంటూ కూర్చుంది.

చెప్పుకుంటూ ఊరుకుంటే బాగుండేది. డీబగ్ ఆపకుండా సైటు వదిలేశానని ఆమెకు అప్పుడు గుర్తొచ్చింది. అది నడుస్తుంటే, రాసేవాళ్ళకు తప్పు ఎక్కడుందో తెలియడానికి ఎర్రర్ పేజీ కడుపులో ఉన్నదంతా కక్కేస్తుంది. ఇంట్లో పని చేసుకునేటప్పుడు అది మేలు. జనంలోకి వదిలేముందు ఆపి తీరాలి. ఈమె ఆపలేదు. ఎల్లారెడ్డి బస్టాండ్ దగ్గర ఆన్‌లైన్ సెంటర్ నడిపే తమ్ముడి వరస కలీమ్‌కు ఫోన్ చేసింది. సర్వర్ పనులు చూసేది వాడే. "ఎర్రర్ లోపల అందరి వివరాలు బయటపడుతున్నయి. జల్ది పోగొట్టు" అంది. ఎందుకో చెప్పలేదు. సైటే ఆపేసి ఉండొచ్చు కదా అని మీరు అంటారు. నేనూ అన్నాను. కానీ వణుకుతున్న చేతులతో నడుస్తున్న సైటును ముట్టుకోవద్దని కూడా పురుషోత్తం సార్ బోర్డు మీద రాశారు. ఆ మాటొక్కటే ఆమెకు గుర్తుంది.

మెట్ల చప్పుడు ఆగింది.

గుమ్మంలో నిలబడ్డ మనిషిని చూసి మహజబీన్‌కు ముందు ఆశ్చర్యమేసింది. ఇన్నాళ్ళూ ఆమె ఊహించుకున్న మొహం ఇది కాదు. నున్నగా గడ్డం గీసుకుని, ఇస్త్రీ మడత చెదరని చొక్కా వేసుకుని, చేతిలో ఒక క్యారీ బ్యాగు పట్టుకుని ఉన్నాడు. బూట్లు గుమ్మం బయట విప్పి, పక్కపక్కన సర్ది మరీ లోపలికి వచ్చాడు. ఆ సర్దడం చూశాక ఆశ్చర్యం పోయి భయం వచ్చి కూర్చుంది.

"సలామాలేకుం అక్కా. మహజబీనక్క అంటే మీరేనా?"

"నేనే. చెప్పుండ్రి అన్నా."

"సంతోష్. మాచారెడ్డి. పొద్దుగాల ఫోన్ చేసింది నేనే. మా ప్రణీత మీ దగ్గర కుడుతది గదా."

"కుట్టేది. ఇప్పుడు లేదన్నా. రాక చాన్నాళ్ళాయె."

"గట్లనా." కూర్చోమనకుండానే స్టూలు లాక్కుని కూర్చున్నాడు. దుకాణమంతా కలియజూశాడు. ఓవర్‌లాక్ మిషన్, కత్తిరించిన ముక్కల కట్టలు, గోడకు వేలాడే బురఖాలు. అతని చూపు ఒక్కో కట్ట మీద ఆగి ఆగి కదులుతుంటే, ఆ కట్టల్లో ఒకటి ప్రణీతదని మహజబీన్‌కు గుర్తొచ్చింది. దాని చీటీ గోడవైపు ఉంది. లేక ఇటువైపే ఉందా? తల తిప్పి చూసే ధైర్యం లేకపోయింది.

అతను క్యారీ బ్యాగులోంచి ఒక జాకెట్టు తీసి కౌంటరు మీద పరిచాడు. ముడతలు అరచేత్తో సాపు చేశాడు.

"ఆది జాకెట్టు తెచ్చిన. ఈ కొలతతోని కొత్తది ఒకటి కుట్టి పెట్టుండ్రి. బతుకమ్మ వస్తుంది గదా, ఆమెకు ఉండాలె."

ముదురాకుపచ్చ జాకెట్టు. మెడ పట్టీ కుట్టింది తనేనని మహజబీన్ చూడగానే గుర్తుపట్టింది. ఎడమ భుజం మీద గోధుమరంగు మచ్చ ఉంది, మొనదేలి. బట్ట కాలి, చుట్టూ గట్టిపడి ఉంది. ఆ మచ్చ కింద, ఒంటి మీద ఉండే మచ్చను కూడా ఆమె ఇదివరకే చూసింది.

"ఆమె వస్తలేదని చెప్తున్న గదన్నా. కుట్టి ఎవరికియ్యాలె?"

"వస్తది. ఏడికి పోతది? చేతుల పని ఉన్నోళ్ళు కుట్టకుండ ఉంటరా." నవ్వాడు. "ఆది మీ దగ్గరనే ఉండనియ్యుండ్రి. కొలత మారలేదు కావచ్చు. జర బక్కగైందో ఏమో, మీకే తెలుస్తది."

ఆ మాటకు బదులు చెబితే చిక్కు, చెప్పకపోతే చిక్కు. మహజబీన్ టేపు తీసి మెడలో వేసుకుంది.

"ఇగ అసలు సంగతికి వస్త," అన్నాడతను, ఫోను తీసి. "మొన్న మీ దుకాణం నుంచి మెసేజ్ వచ్చింది. ఆమె పేరు మీద. నొక్కితే ఏందో ఇంగ్లీషు వస్తుంది, కిందికి జరిపినా జరిపినా అయిపోతలేదు. ఇది మీరే తయారు చేసిండ్రంట గదా. జర చదివి చెప్పుండ్రి."

ఫోను ఆమె చేతికి ఇవ్వలేదు. కౌంటరు మీద, జాకెట్టు పక్కన పెట్టి, తనే వేలితో జరుపుతున్నాడు.

పైన ఎర్రటి పట్టీ. దాని కింద ఆమె రాసిన కోడ్, వరుసకు వరుస, తప్పు జరిగిన చోట గుర్తు పెట్టి మరీ. ఇంకా కిందికి జరిపాడు. ఇంకా. అక్కడుంది. ప్రోగ్రాం పడిపోయే క్షణంలో దాని చేతిలో ఏమేమి వివరాలున్నాయో అన్నీ పోసిపెట్టింది. ఎడమవైపు 'నేమ్', 'ఫోన్', 'అడ్రస్' అని ఇంగ్లీషులో. కుడివైపు ఫోన్ నంబరు మాత్రం అంకెల్లో సాఫ్‌గా ఉంది. పేరు దగ్గర, చిరునామా దగ్గర తెలుగు అక్షరం ఒక్కటీ లేదు. వివరాలను మూటగట్టేటప్పుడు ఆ ప్రోగ్రాం తెలుగు అక్షరాలను యంత్రం చదువుకునే గుర్తులుగా మార్చేసింది. ఒక ఏటవాలు గీత, యు, సున్నా, సి, మళ్ళీ అంకెలు. మళ్ళీ గీత. పురుగులు పారినట్టు.

ఆ గుర్తులు కంటితో చదవగలిగే మనిషి ఉండడు. కానీ వాటిని తీసుకెళ్ళి ఏ కంప్యూటర్ చదివే పిల్లాడికి చూపించినా అరక్షణంలో తెలుగులోకి తిప్పేస్తాడు. ఎల్లారెడ్డి. ఈద్గా వెనుక. నీలం గేటు. ప్రణీత దాక్కున్న గది మొత్తం ఈ మనిషి జేబులో ఉంది. ఆ సంగతి అతనికి తెలియదు, అంతే.

"ఇది చెడిపోయింది అన్నా," అంది మహజబీన్. గొంతు మామూలుగానే వచ్చినందుకు తనకే వింతగా ఉంది. "సైటు కొత్తది. ఇంక మంచిగ నడుస్తలేదు. ఇదంత కోడ్. మీకు పనికొచ్చేది ఏం లేదు దీంట్ల."

"కావచ్చు." అతని వేలు ఒక చోట ఆగింది. "ఈడ అడ్రస్ అని ఉంది. గంత ఇంగ్లీషు నాకూ వస్తది, ఐటీఐ చేసిన. కరెంటు పని చేస్త. దీని పక్కకు ఈ లెక్కలేంది?"

"అడ్రస్ ఖాళీగుంటే గిట్లనే చెత్త వస్తదన్నా. మా దగ్గర ఆమె అడ్రస్ లేదు గదా."

చెప్పిన మరుక్షణం, భేష్, మంచి అబద్ధం దొరికింది అనుకుంది. సంతోష్ తల ఊపాడు. ఊపుతూనే వేలు కొంచెం పైకి జరిపాడు.

"మరి పేరు కాడ కూడ గీ లెక్కలే ఉన్నయి. పేరు కూడ లేదా మీ దగ్గర? మెసేజ్ల ప్రణీత గారూ అని మంచిగనే రాసిండ్రు గదా."

మహజబీన్ మెడలోని టేపు చివర వేలికి చుట్టుకుంది.

"ఇంకొకటి చూడుండ్రి," అన్నాడు, చదువు చెప్పే సారులా ఓపికగా. "పేరు కాడ చిన్నగుంది. అడ్రస్ కాడ పొడుగుంది. ఖాళీకి గూడ పొడుగూ పొట్టీ ఉంటదా అక్కా?"

ఈయన మొద్దు మనిషి అయి ఉంటే ఎంత బాగుండేదని ఆమె అనుకుంది. మొద్దు మనిషి అరుస్తాడు, బల్ల గుద్దుతాడు, కింద గాజుల దుకాణం వాళ్ళు పరుగెత్తుకొస్తారు. ఈయన అరవడు. ఒక్కో తీగనూ పట్టుకుని ఎక్కడికి పోతుందో చూసుకుంటూ వస్తాడు. ప్రణీత అదే చెప్పింది. కోపమొస్తే అరవడక్కా, ముందుగాల ఇస్త్రీ పెట్టె ప్లగ్గు పెడతడు, వేడయ్యేదాక మాట్లాడుకుంట కూసుంటడు.

"మెసేజ్ పంపేది వేరన్నా, పేజీ వేరు," అంది. మాటలు తడబడకుండా ఒక్కోటి లెక్కపెట్టినట్టు పేర్చింది. "మెసేజ్ పాత జాబితా చూసి పోయింది. అందుకే మీకు వచ్చింది, మీ నంబర్ పాతదే గదా. పేజీల వివరాలు ఖరాబైనయి. పేరూ ఖరాబే, అడ్రస్సూ ఖరాబే. ఆ అడ్రస్ కూడ ఉంటే మీ మాచారెడ్డి ఇంటిదే ఉంటది. ఆమె గా ఇంట్ల ఉన్నప్పుడు రాసుకున్నదే గదా."

ఇది మునుపటి కంటే మంచి అబద్ధం. ఫ్యాను కింద జాకెట్టు చెయ్యి ఒకటి లేచి పడుతోంది. సంతోష్ దాన్ని రెండు వేళ్ళతో అదిమి పట్టుకున్నాడు.

తర్వాత లింకును మళ్ళీ నొక్కాడు. కౌంటరుకు ఇవతల, అతనికి కనబడని వైపు తిరిగి ఉన్న ల్యాప్‌టాప్ మీద ఒక కొత్త వరుస వచ్చి పడింది. మహజబీన్ కళ్ళు మాత్రమే దించి చూసింది. ఐదు వందలు. ఊపిరి వదిలింది. అతను ఇంకోసారి నొక్కాడు. ఐదు వందలు. యా అల్లా, ఇట్లాగే ఉంచు. ఈ పేజీ ఎన్నటికీ బాగుపడకుండా ఉంచు.

ఆమె మనసులో ఆ మాట అనుకున్నది నిజం. కలీమ్‌కు పొద్దున ఏమి చెప్పిందో మాత్రం ఆ క్షణంలో గుర్తు రాలేదు. భయం అంతే. కంటి ముందున్నది తప్ప మిగిలినదంతా మింగేస్తుంది.

"నేను చెడ్డోన్ని అని చెప్పింది కావచ్చు మీకు," అన్నాడు సంతోష్, ఫోను మూసి. "చెప్పనియ్యి. ఇంట్ల పంచాయితీ ఇంట్లనే ఉండాలె. బాన్సువాడల మా మేనమామ ఉంటడు, చెప్పి పెట్టిన. పిట్లంల దోస్తులున్నరు. ఎల్లారెడ్డిల మా చిన్నమ్మ కొడుకు ఆటో నడుపుతడు, ఊరంత తిరుగుతడు, వానికీ చెప్పిన. ఎవలో ఒకలు చూస్తరు. చూసినంక నాకు కోపం ఉండదక్కా. ఇంటికి తీస్కపోత, అంతే."

ఎల్లారెడ్డి అన్న మాట అతని నోటి వెంట వచ్చినప్పుడు మహజబీన్ రెప్ప వేసిందో లేదో ఆమెకే తెలియదు. అతను ఆమె మొహంలోకే చూస్తున్నాడు.

"ఆమె ఏడుందో మీకు తెల్వదు. గంతే గదా? నా దిక్కు చూసి ఒక్కసారి చెప్పుండ్రి, పోత."

ఆమె చూసింది. భుజం మీది మచ్చ తలుచుకుని చూసింది. అది లేకపోతే చూడలేకపోయేది.

"తెల్వదు అన్నా."

జామా మసీదు మైకులో మధ్యాహ్నపు జొహర్ అజాన్ మొదలైంది. సంతోష్ లేచాడు. అజాన్ అయ్యేదాకా తల వంచుకుని, మర్యాదగా నిలబడ్డాడు. తర్వాత చొక్కా సవరించుకున్నాడు.

"నమాజ్ టైమ్ అయినట్టుంది. మిమ్మల్ని సతాయించిన. ఆది జాకెట్టు జాగ్రత్త అక్కా."

బూట్లు తొడుక్కుని, లేసులు కట్టుకుని, మెట్లు దిగడం మొదలుపెట్టాడు.

మహజబీన్ స్టూలు మీద కూలబడింది. పోయాడు. నమ్మాడో లేదో గాని, పోయాడు. ఇప్పుడు ఖాలాకు, అంటే పిన్ని జులేఖాకు, ఫోన్ చేయాలి. సాయంత్రంలోగా ప్రణీతను అక్కడినుంచి మార్చాలి. ఆ గుర్తులు చదవగల వాడెవడో ఒకడు అతనికి దొరికేలోగా. కొంచెం టైము ఉంది. ఆమె సంపాదించింది కొంచెం టైమే, అదే చాలు.

కౌంటరు మీద ఆమె ఫోను టింగుమంది.

మెట్ల మీద ఇంకో ఫోను టింగుమంది.

దిగుతున్న బూట్ల చప్పుడు ఆగిపోయింది.

మహజబీన్ ఫోను అందుకుంది. పరీక్ష కోసం తన నంబరు కూడా ఆ జాబితాలో పెట్టుకుంది కనుక ఆమెకూ వచ్చింది. "అసౌకర్యానికి క్షమించండి. పేజీ సరిచేశాం. అదే లింకు మళ్ళీ నొక్కండి. జులేఖా లేడీస్ టైలర్స్." దాని వెనకే కలీమ్ వాట్సాప్ వచ్చింది. "ఆపా, ఎర్రర్ పోయింది! తేదీ లేనోళ్ళకు పేజీ విరుగుతుండె. ఇప్పుడు తేదీ లేకున్నా మిగిలిందంత మంచిగ కనబడ్తది. డీబగ్ కూడ బంద్ చేసిన. అందరికి మళ్ళ మెసేజ్ కొట్టిన. చాయ్ తాపియ్యాలె నువ్వు."

వాడి తప్పేముంది? అడిగిన పని అడిగినట్టు చేశాడు. మంచి పనివాడు చేసేవన్నీ చేశాడు. ఎందుకు అడిగిందో ఆమె చెప్పి ఉంటే, పేజీ బాగుచేయకుండా ఆ ఒక్క మనిషి వివరాలు చెరిపేసేవాడు. ఇంత రహస్యం కడుపులో పెట్టుకుని, అది దాచాల్సిన వాడి నుంచి కాక, కాపాడాల్సిన వాడి నుంచి దాచింది.

మహజబీన్ ల్యాప్‌టాప్ మీద పడింది. సైటు నడపడం నేర్చుకునేముందు ఆపడం నేర్చుకోమని సార్ చెప్పిన మాట ఇప్పుడు, ఇంత ఆలస్యంగా, చెవిలో మోగింది. సర్వర్‌లోకి వెళ్ళే పాస్‌వర్డ్ కొట్టింది. తప్పు. వేళ్ళు ఒకదాని మీద ఒకటి పడుతున్నాయి. మళ్ళీ కొట్టింది. లోపలికి వెళ్ళింది. ఆపే ఆజ్ఞ రాసి ఎంటర్ నొక్కింది. సైటు ఆగిపోయింది. ఎల్లారెడ్డి నుంచి మాచారెడ్డి దాకా ఇక ఎవరు నొక్కినా ఏమీ రాదు.

మెట్ల మీద ఇంకా చప్పుడు లేదు.

సర్వర్ రాసిపెట్టిన వరుసల్లో చివరి దాని దగ్గరికి ఆమె కళ్ళు వెళ్ళడానికి ఇష్టపడలేదు. బలవంతాన తీసుకెళ్ళింది. ప్రణీత లింకు. చివరన రెండు వందలు.

అప్పుడు బూట్లు కదిలాయి. ఈసారి నెమ్మదిగా కాదు.

కిటికీ దగ్గరికి పరుగెత్తింది. సందులో సంతోష్ బండి పక్కన నిలబడి ఫోను చెవికి ఆనించుకుని మాట్లాడుతున్నాడు. ఏదో వివరంగా చెబుతున్నాడు, ఖాళీ చెయ్యి ఇటు తిప్పుతూ, అటు తిప్పుతూ. దారి చెప్పే మనిషి చెయ్యి అలాగే తిరుగుతుంది. మాట ముగించి ఫోను జేబులో పెట్టుకున్నాడు. తలెత్తి కిటికీలోకి చూశాడు. చెయ్యి గుండెల మీద పెట్టుకుని, షుక్రియా అన్నట్టు తల వంచాడు. బండి తీసి, మాచారెడ్డి వైపు కాకుండా ఎల్లారెడ్డి రోడ్డు వైపు తిప్పాడు.

ఖాలాకు ఫోన్ చేసింది. మోగింది, మోగింది, ఎత్తలేదు. మళ్ళీ చేసింది. నమాజ్‌లో ఉంటుంది. నమాజ్ మధ్యలో ఫోను ఎత్తదు, ఇల్లు కాలుతున్నా ఎత్తదు. మహజబీన్ గట్టిగా ఏడుస్తూ మళ్ళీ మళ్ళీ నొక్కింది. కలీమ్‌కు చేసింది. వాడి ఫోను బిజీ. కొత్త పేజీ బాగుందని ఎవరెవరో వాడికే ఫోన్ చేసి చెబుతున్నట్టున్నారు. మళ్ళీ ఖాలాకు.

"నమాజ్ చదువుతుంటి బేటీ, ఏమాయె గిన్ని సార్లు?" జులేఖా గొంతు. వెనకాల కుట్టుమిషన్ గడగడ నడుస్తోంది.

"ఖాలా, ప్రణీత ఏడుంది?"

"ఈడనే, నా ముంగటనే. కుడుతుంది. ఎందుకట్ల ఏడుస్తున్నవ్?"

"మిషన్ ఆపమను. ఇద్దరు ఇప్పుడే బయటికి పోండ్రి. వెనక నుంచి..."

"జర ఆగు. కింద గేటు కొడుతున్నరు ఎవలో. రాములవ్వ పోయింది." దూరంగా ఒక ముసలి గొంతు, ఎవలు బిడ్డా అని. ఒక మగ గొంతు ఏదో చెప్పింది. రాములవ్వ పైకి కేకేసి చెప్పింది విని జులేఖా మళ్ళీ ఫోన్లోకి వచ్చింది. ఆమె గొంతులో కంగారేమీ లేదు. "ఆటో ఆయన అంట బేటీ. కుట్టుపని మూట తీస్కపోను వచ్చిండంట. ఫోన్ల అడ్రస్ చూపిస్తుండంట. నువ్వే పంపినవా?"

ఆ ఇంటికి మహజబీన్ ఏనాడూ ఆటో పంపలేదు.

"గేటు తియ్యొద్దను ఖాలా! రాములవ్వను పిలువు, తియ్యొద్దను!"

ఫోన్లో కుట్టుమిషన్ ఆగిపోయింది. ఆ నిశ్శబ్దంలో, కింద ఇనుప గడియ పక్కకు జరిగిన చప్పుడు స్పష్టంగా వినబడింది.